బొగ్గు దిగిన దారి: డర్హమ్ పాత రైలుబాటల మీద నడవాలంటే

మాది గోదావరిఖని, ఎనిమిది ఇంక్లైన్ కాలనీ. ఇంక్లైన్ అంటే ఏమిటని మా దగ్గర చిన్నపిల్లలు కూడా అడగరు. బాయిలోకి, అంటే బొగ్గుగనిలోకి, ఏటవాలుగా దిగే సొరంగం, దాని పైన తాడు గుంజే యంత్రం హాలర్, హాలర్‌కు తాడు, తాడుకు టబ్బులనే బొగ్గు బండ్లు. ఉద్యోగం కోసం ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ వచ్చిన మొదటి ఏడాది, ఇక్కడి పటం మీద అదే మాట కనపడింది: ఫలానా ఇంక్లైన్. ఆ శనివారమే బయలుదేరాను. తీరా చూస్తే సొరంగం లేదు. కొండ పైనించి కిందికి తాడు గుంజి పరిచినట్టు ఒక గడ్డిబాట ఉంది. ఒకప్పుడు దాని మీద తాడు కట్టిన బొగ్గు బండ్లు దిగేవి. భూమి లోపల మా హాలర్ చేసిన పనే, ఇక్కడ భూమి పైన జరిగింది.

అప్పట్నించి న్యూకాసిల్ పక్కనున్న డర్హమ్ జిల్లాలోని ఈ పాత రైలుబాటలు వదలకుండా తిరుగుతున్నాను. లండన్, మాంచెస్టర్, ఎడిన్‌బరో నుంచి వచ్చే మన స్నేహితులు ఎక్కడికి పోవాలి, ఎలా పోవాలి అని అడుగుతుంటారు కాబట్టి ఒకేసారి అంతా రాసిపెడుతున్నాను. ఉదాహరణకు ఒక దారిని చివరిదాకా నడిపిస్తాను: కాన్సెట్ నుంచి డర్హమ్ దాకా లాంచెస్టర్ లోయ బాట. పద్ధతి తెలిస్తే మిగతావి మీరే నడవగలరు.

1. ముందు ఈ దారులు ఎందుకు మిగిలాయో తెలుసుకోండి

ఆవిరి ఇంజను పుట్టకముందే ఈ ప్రాంతంలో రైలుదారులున్నాయి. పట్టాలు చెక్కవి, లాగేవి గుర్రాలు, మోసేది బొగ్గు. టాన్‌ఫీల్డ్ దగ్గర కాజీ ఆర్చ్ అనే రాతివంతెనను 1725-26 లో కట్టింది ఆ చెక్కపట్టాల కోసమే. నిలిచి ఉన్న రైలు వంతెనల్లో ప్రపంచంలోకెల్లా పాతది అదేనంటారు. ఒకే కమాను, 30 మీటర్లకు పైగా వెడల్పు. కింద వాగు పక్కన నిలబడి పైకి చూస్తే, మూడు వందల ఏళ్ల కింద బొగ్గు కోసం ఎంత డబ్బు పోశారో అర్థమవుతుంది.

తరవాత ఆవిరి వచ్చింది, బాయి బాయికీ ఒక కొమ్మ లైను వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఈ ఒక్క డర్హమ్ బొగ్గుక్షేత్రంలోనే లక్షన్నర మందికి పైగా పనిచేసేవాళ్లు. ఆ పైన ఒక్కొక్క బాయీ మూతబడుతూ వచ్చింది. 1993 లో ఈజింగ్టన్, వేర్‌మౌత్ గనులు మూసేశాక ఇక్కడ లోతు గనుల కథ ముగిసింది. సండర్లండ్ ఫుట్‌బాల్ క్లబ్ స్టేడియం ఇప్పుడు ఆ వేర్‌మౌత్ బాయి స్థలంలోనే ఉంది.

రైలుదారులన్నీ, నష్టాల లైన్లు మూసేయమన్న 1963 నాటి బీచింగ్ నివేదికతోనే పోయాయని చాలామంది చెబుతారు. బొగ్గు ఊళ్ల విషయంలో ఇది సగం నిజమే. బస్సులు వచ్చాక ప్రయాణికులు ముందే తగ్గిపోయారు. లాంచెస్టర్ లోయలో మామూలు ప్రయాణికుల రైలు 1939 లోనే ఆగిపోయింది. ఆ తరవాత ఆ పట్టాలను నిలబెట్టింది సరుకు రవాణా, అందులోనూ ముఖ్యంగా బొగ్గు. బొగ్గు పోయాక పట్టాలు పీకేశారు. మిగిలిన నేలను చాలాచోట్ల జిల్లా కౌన్సిల్ తీసుకుని నడకదారి చేసింది.

2. పటం చదవడం

సగం పని ఇక్కడే ఉంది, తొందరపడకండి.

బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ల ఎక్స్‌ప్లోరర్ పటాలు 1:25,000 కొలతలో ఉంటాయి. ఈ నడకకు 307, 308 నంబర్లవి రెండూ కావాలి. కాగితం వద్దనుకుంటే వాళ్ల యాప్ ఉంది. పటం మీద పాత రైలుదారి పక్కన ‘డిస్‌మాంటిల్డ్ రైల్వే’ (పట్టాలు పీకేసిన రైలుదారి) అని సన్నటి అక్షరాలు ఉంటాయి. కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. ఆ అక్షరాలు ఉన్నంతమాత్రాన అక్కడ నడిచే హక్కు మీకు వచ్చేయదు. పట్టాలు తీసేశాక ఎంతో నేల పక్క రైతులకు అమ్ముడుపోయింది. ఆ గీత మీదే ఆకుపచ్చ చుక్కలో అడ్డగీతలో కూడా ఉంటేనే అది జనం దారి. లేకపోతే అది ఎవరిదో గొర్రెల మేత.

రెండో పని మరీ సరదాగా ఉంటుంది. నేషనల్ లైబ్రరీ ఆఫ్ స్కాట్లండ్ వాళ్ల వెబ్‌సైట్‌లో నూరేళ్ల నాటి పటాలు ఉచితంగా చూడొచ్చు, ఇంగ్లండ్‌వి కూడా. తెర సగంలో పాత పటం, సగంలో ఇప్పటి ఉపగ్రహ చిత్రం పెట్టుకోవచ్చు. ఇవాళ చెట్లగుంపుగా కనిపించే చోట ఆ రోజు బాయి, కోక్ బట్టీలు, పని గుర్రాల కొట్టం, నాలుగు వరసల ఇళ్లు కనిపిస్తాయి. నడక ముందురోజు రాత్రి ఒక గంట దీని ముందు కూర్చోండి. పొద్దున మీరు చూసే చెట్లు వేరుగా కనిపిస్తాయి.

పటంలో మూడోది చూడాల్సింది వాలు. ఆవిరి ఇంజను ఎక్కలేదు కాబట్టి మామూలు రైలుదారి వాలు చాలా తక్కువ, యాభై మీటర్లు పోతే ఒక మీటరు ఎక్కడమే ఎక్కువ. అందుకే మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చినప్పుడు కూడా ఈ దారులకు తీసుకురావచ్చు. కానీ ఇంక్లైన్ ఉన్నచోట సంగతి వేరు. ఎత్తు గీతలను దారి అడ్డంగా, నిటారుగా కోసుకుపోతుంటే అక్కడ ఇంజను కాదు, తాడు పని చేసిందని అర్థం. రైలుబాట అంటే చదునే కదా అని నేను స్టాన్‌హోప్ దగ్గర క్రాలీ ఇంక్లైన్‌కు పల్చటి బూట్లు, నీళ్లసీసాతో పోయాను. సగం ఎక్కేసరికి ఊపిరి అందలేదు. బాయిమనిషి కొడుకును హాలర్ దారే ఓడించింది. దాని పైనున్న వెదర్‌హిల్ ఇంక్లైన్‌ను నడిపిన ఆవిరి యంత్రం ఇప్పుడు యార్క్ రైల్వే మ్యూజియంలో ఉంది. దాన్ని చూశాక నామీద నాకే కొంచెం జాలి తగ్గింది.

3. దారి ఎంచుకోవడం

డర్హమ్ ఊరికి పడమర బ్రూమ్‌పార్క్ అనే చోట మూడు బాటలు కలుస్తాయి: లాంచెస్టర్ లోయ బాట, క్రూక్ వైపు పోయే డీర్నెస్ లోయ బాట, బిషప్ ఆక్లండ్ పోయే బాట. పిల్లలతో అయితే డీర్నెస్ మంచిది, అషా మూర్, ఎష్ విన్నింగ్ లాంటి బొగ్గు ఊళ్లను తాకుతూ పోతుంది, విసుగొస్తే బస్సెక్కొచ్చు. వంతెనలంటే ఇష్టమైతే కాన్సెట్ నుంచి స్వాల్‌వెల్ పోయే డెర్వెంట్ వాక్. అక్కడ నాలుగు పెద్ద వయాడక్ట్‌లు, అంటే లోయ దాటే పొడవాటి వంతెనలు, ఉన్నాయి. తన ఎస్టేటు గుండా రైలు రానివ్వనని ఒక జమీందారు పట్టుబట్టడంతో, లైను నదికి అవతల గట్టుకు మారి తొమ్మిది కమానుల వంతెన కట్టాల్సి వచ్చింది. 2004 నుంచి అక్కడ రెడ్ కైట్ గద్దలను మళ్లీ వదిలారు, తల పైనే తిరుగుతుంటాయి.

కాన్సెట్ నుంచి పడమటి కొండల మీదికి పోయే వాస్కర్లీ వే మాత్రం మొదటిసారికే వద్దు. అది చెట్టన్నది లేని ఎత్తు మైదానం, గాలి మనిషిని పక్కకు తోస్తుంది. కానీ కథ బాగుంటుంది. 1834 లో ఆ లైను తెరిచిన స్టాన్‌హోప్ అండ్ టైన్ రైలు కంపెనీ భూములు కొనలేదు, యజమానులకు ‘వేలీవ్’ అనే దారి అద్దె కట్టుకుంటూ పోయింది. అద్దెల బరువుతో ఏడేళ్లకే దివాలా తీసింది.

మనం పోయేది లాంచెస్టర్ లోయ. కాన్సెట్ చివర లిడ్జెట్స్ జంక్షన్ నుంచి బ్రూమ్‌పార్క్ దాకా 12 మైళ్లు, అంటే 19 కిలోమీటర్లు. కాన్సెట్ బస్టాండు నుంచి మొదలుకు, బ్రూమ్‌పార్క్ నుంచి డర్హమ్ స్టేషనుకు కలిపి ఇంకో ఐదు కిలోమీటర్లు వేసుకోండి. ఆగుతూ చూస్తూ పోతే ఏడు గంటలు. అంత వద్దనుకుంటే లాంచెస్టర్‌లో ఆపేయండి, బస్సు దొరుకుతుంది.

4. పైనించి కిందికే నడవండి

పుస్తకాలు చాలావరకు డర్హమ్‌లో మొదలుపెట్టిస్తాయి. నేను తిరగేసి చెబుతాను. పొద్దున్నే డర్హమ్ నుంచి కాన్సెట్‌కు బస్సులో ఎక్కిపోండి, నడుస్తూ దిగి రండి. వాలు మీ వైపు ఉంటుంది. బస్సు ఆలస్యమైతే ఆ ఇబ్బంది పొద్దుటే తీరిపోతుంది, సాయంత్రం చీకట్లో స్టాపులో వణకక్కర్లేదు. చివర్లో చేరేది రైల్వే స్టేషను, అక్కణ్నించి దేశంలో ఎటైనా పోవచ్చు.

వెలుగు లెక్క మరవద్దు. జూన్‌లో ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర దాటినా వెలుగుంటుంది. డిసెంబర్‌లో మూడు గంటల నలభై నిమిషాలకే పొద్దు గుంకుతుంది. బాటకు దీపాలుండవు, రైలు కోసం తవ్విన కోతల్లో ఇంకా ముందే చీకటి. ఒక డిసెంబర్‌లో ఫోన్ లైటు వెలుగులో ఆఖరి రెండు మైళ్లు నడిచాను. ఫోన్ నాలుగు శాతానికి వచ్చింది. ఇప్పుడు నా సంచిలో ఏ కాలమైనా తలకు కట్టుకునే దీపం ఉంటుంది. బాయిబిడ్డను, ముందే తెలిసుండాల్సింది.

5. సంచిలో ఏముండాలి

వానకోటు, ఎండ కాస్తున్నా సరే. బాట మీద రాతిపొడి పరిచి ఉంటుంది కాబట్టి మామూలు పట్టున్న బూట్లు చాలు, చలికాలం బురదకు మాత్రం చీలమండ దాకా వచ్చేవి. మేజోళ్లు ఇంకో జత. గడ్డి ఎత్తుగా ఉన్న కాలంలో పొడుగు ప్యాంటు, ఇంటికెళ్లాక పిడుదులు పట్టాయేమో ఒంటిని చూసుకోవాలి. నెటిల్ అనే మొక్క మన దూలగొండిలా మండిస్తుంది, తాకితే చావం గాని పావుగంట ఏడిపిస్తుంది.

తిండి మీరే తెచ్చుకోండి. లాంచెస్టర్‌లో తప్ప మధ్యలో అంగళ్లను, మరుగుదొడ్లను నమ్ముకోవద్దు. పులిహోరను మించిన నడక తిండి ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు, చల్లారినా రుచే. బాయిలోకి తీసుకుపోయే తిండిని ఇక్కడి పాత కార్మికులు ‘బెయిట్’ అనేవాళ్లు. బాపు సద్దిగిన్నెకు ఇక్కడి పేరన్నమాట.

6. నడక: కళ్లు ఎక్కడ పెట్టాలి

కాన్సెట్ 1980 దాకా ఉక్కు ఊరు. కర్మాగారం మూసేశాక దాన్ని మొత్తం కూల్చి గడ్డి వేసేశారు. ఇంత పెద్ద కర్మాగారం ఉండేదని చెప్పినా నమ్మబుద్ధి కాదు. ఊరి దక్షిణాన లిడ్జెట్స్ జంక్షన్ దగ్గర పాత రైలుదారులు కలుస్తాయి. అక్కడ కరిగిన లోహం మోసిన పాత బండి ఒకటి నిలబెట్టి ఉంచారు.

డర్హమ్ వైపు తిరగకముందు, వాస్కర్లీ దారిలో కొద్ది దూరం పోయి హౌన్స్‌గిల్ వయాడక్ట్ చూసి వెనక్కి రండి. దీన్ని చూడకపోతే ఈ నడకలో సగం పోగొట్టుకున్నట్టే. పన్నెండు కమానులు, 150 అడుగుల లోతు లోయ, 1858 లో పూర్తయింది. నమూనా గీసింది థామస్ బౌచ్. 1879 లో రైలుతో సహా కూలిపోయిన స్కాట్లండ్ టే వంతెన కూడా ఆయనదే. ఇది మాత్రం చెక్కుచెదరలేదు. వంతెన కట్టకముందు బండ్లు ఈ లోయను ఎలా దాటేవో ఊహించండి. ఇటు గట్టు మీంచి ఒక్కొక్క బండినీ తాడుతో అడుగుకు దించి, అటు గట్టు మీదికి మళ్లీ తాడుతో లాగేవాళ్లు. రైలంతా ఆగి ఒక్కో బండి వంతు కోసం చూడాలి. మా బాయిల్లో హాలర్ ఆగితే షిఫ్టు మొత్తం ఆగేది. ఈ లోయ అంచున నిలబడితే వంతెన ఎందుకు కట్టారో లెక్కలు అక్కర్లేకుండానే తెలుస్తుంది. ఇప్పుడు రెండు వైపులా ఎత్తయిన కంచె ఉంది, కారణం విషాదమైనది. ఒక్కరే ఉన్న మనిషి అక్కడ దిగులుగా నిలబడి కనిపిస్తే ఒక పలకరింపు పలకరించండి.

వెనక్కొచ్చి డర్హమ్ దారి పట్టాక నిట్స్‌లీ వస్తుంది. లోయకు అడ్డంగా ఎత్తయిన మట్టికట్ట మీద నడుస్తుంటారు. ఆ మట్టి కింద ఒక చెక్క వయాడక్ట్ పూడిపోయి ఉంది. చెక్క పాతబడ్డాక దాన్ని విప్పకుండా, చుట్టూ మట్టి పోసి కప్పేశారు. ఇక్కడ చూడటానికేమీ ఉండదు, తెలిసి నడవడమే.

ఇక్కణ్నించి దారిని చదవడం అలవాటు చేసుకోండి. నేను చూసేవి ఇవి. ఒకేతీరుగా చెక్కిన పెద్దరాళ్ల అంచు తిన్నగా పోతుంటే అది ప్లాట్‌ఫారం. ఇటుక ఇల్లు బాటకు మరీ ఆనుకుని ఉంటే స్టేషను మాస్టరు ఇల్లు కావచ్చు, ఇప్పుడు ఎవరో కాపురం ఉంటారు, కిటికీల్లోకి తొంగి చూడకండి. పై వంతెనల కమాను లోపలికి తలెత్తి చూస్తే ఆవిరి ఇంజన్ల మసి ఇంకా నల్లగా ఉంటుంది. కోతల్లో నేల తడి, చల్లన, నాచు. మట్టికట్టల మీద గాలి, ఎండ, దూరం చూపు. పక్కనించి ఒక చిన్న కట్ట వంపు తిరిగి బాటలో కలుస్తుందంటే అటు ఒక బాయి ఉండేదని అనుమానించండి, రాత్రి చూసిన పాత పటంతో సరిచూసుకోండి. వాగులో నీళ్లు నారింజ రంగులో ఉంటే గనుల నుంచి ఊరే ఇనుపనీళ్లు. ఊళ్లో పాత హాలు నుదుటిన మైనర్స్ వెల్ఫేర్ (గని కార్మికుల సంక్షేమం) అని రాసి ఉండటం, సగం నేలలో పాతి నిలబెట్టిన బాయి చక్రం, వీధులకు పేర్లు లేక ఒకటో వీధి రెండో వీధి అని నంబర్లు ఉండటం, ఇవన్నీ బొగ్గు ఊరి గుర్తులు. నంబర్లే పేర్లయిన ఊరి నుంచి వచ్చినవాణ్ని, నాకు ఈ చివరిది చూస్తే ఇంటికొచ్చినట్టే ఉంటుంది.

లాంచెస్టర్ సగం దారి మజిలీ. రోమన్ల కోట ఉన్న చోటు, చర్చిలో రోమన్ స్తంభాలున్నాయి. టీ ఇక్కడే. ఊరు దాటాక పాత మాల్టన్ బాయి స్థలం ఇప్పుడు వన్యప్రాణుల తావు. ఆ పైన లాంగ్లీ పార్క్, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ జట్టుకు మేనేజరైన బాబీ రాబ్సన్ పెరిగిన ఊరు. ఆయన తండ్రి బొగ్గుబాయి మనిషి. ఆగస్టు చివర, సెప్టెంబర్‌లో ఈ భాగమంతా బ్లాక్‌బెర్రీలే. కుక్కలు తిరిగే ఎత్తుకు పైనున్నవే కోసుకోండి, కారణం చెప్పనక్కర్లేదు.

తరవాతి ఊరి పేరు రాతలో విట్టన్ గిల్బర్ట్, నోట్లో విట్టన్ జిల్బర్ట్. దాని తరవాత బేర్‌పార్క్. ఎలుగుబంట్లకూ దీనికీ సంబంధం లేదు. డర్హమ్ మఠాధిపతుల విడిది పేరు బోర్‌పెయిర్, అది నాలుకల మీద అరిగి ఇలా అయింది. పాత విడిది శిథిలాలు కూడా దగ్గర్లోనే ఉన్నాయి.

7. చేయకూడనివి

బాట దిగి అడవిలోకి, పాత బాయి స్థలాల్లోకి పోకండి. మూసిన బాయిమూతులు ఎక్కడున్నాయో అన్నీ పటాల్లో ఉండవు, నేల కుంగవచ్చు. కొత్త గుంట కనిపిస్తే దగ్గరికి పోకుండా, చోటు గుర్తుపెట్టుకుని మైనింగ్ రెమెడియేషన్ అథారిటీకి చెప్పండి. దీన్నే నిన్నమొన్నటిదాకా కోల్ అథారిటీ అనేవాళ్లు. గేటు వేసిన సొరంగంలో దూరకండి. వెనక సైకిలు గంట వినపడితే ఒక పక్కకు జరగండి, నలుగురూ నాలుగు దిక్కులకు ఉరకొద్దు.

ఇది చదివి మన సింగరేణి లైన్ల మీద నడుద్దామని మాత్రం అనుకోవద్దు. అవి బతికున్న పట్టాలు, బొగ్గు రైళ్లు రాత్రీపగలూ తిరుగుతుంటాయి. ప్రాణానికీ ప్రమాదం, రైల్వే చట్టం 147 సెక్షన్ కింద నేరం కూడా.

8. మనుషులతో

ఈ బాటల మీద పొద్దున కుక్కతో నడిచే ముసలివాళ్లలో కొందరు బాయిలో దిగినవాళ్లే. ఎదురైతే తప్పకుండా పలకరిస్తారు, మీరూ పలకరించండి. ‘మర్రా’ అన్నారంటే తోటివాడా అన్నట్టు, బాయి మాట. మా నాన్న కూడా బొగ్గుబాయిలో చేశాడండీ అని ఒక్క మాట అంటే చాలు, నా అనుభవంలో అరగంటకు తక్కువ పోనివ్వరు. పైకప్పు ఎంత ఎత్తు, నీళ్లు వచ్చేవా, హాలర్ తాడు తెగిందా అని అడుగుతారు. ఒకటి మాత్రం మీరు అడగకండి: 1984-85 సమ్మెలో ఎవరు పనిలోకి వెళ్లారు అని. నలభై ఏళ్లయినా ఆ పుండు మానని కుటుంబాలున్నాయి. సమ్మెలు చూసిన ఊరివాళ్లకు ఇది విడమర్చి చెప్పనక్కర్లేదు.

జూలై రెండో శనివారం వస్తే ఇంకా మంచిది. 1871 నుంచి జరిగే గని కార్మికుల పండగ మైనర్స్ గాలా ఆ రోజే. మూతబడ్డ బాయిల పట్టుజెండాలు బ్యాండుమేళాలతో డర్హమ్ వీధుల్లో ఊరేగుతాయి. లాంచెస్టర్ లైను మీద మామూలు రైళ్లు ఆగిపోయాక కూడా గాలాకు పోయే జనం కోసం ప్రత్యేక రైళ్లు కొన్నేళ్లు నడిచాయి. ఆ రోజు నడక కుదరదు, పొద్దున్నే ఊళ్లో ఉండండి. నడక ఆదివారానికి పెట్టుకోండి.

9. చివరి మైళ్లు

బ్రూమ్‌పార్క్ దగ్గర పాత రైలుబాట అయిపోతుంది. నెవిల్స్ క్రాస్ మీదుగా డర్హమ్‌లోకి తారురోడ్డు మీద నడవాలి, దూరం తక్కువే కాని, కాళ్లకు ఈ భాగమే బరువు. రైలు గంట తరవాత ఉంటే, స్టేషను దాటి కథీడ్రల్ దాకా పోండి. లోపల 1947 లో పెట్టిన గని కార్మికుల స్మారకం ఉంది, పక్కనే బాయి దీపం.

ఇంటికొచ్చాక మేజోళ్లు, ప్యాంటు అంచు చూసుకోండి. వాన పడ్డ రోజైతే నల్లగా ఉంటాయి, బాటలో ఇంజన్ల బూడిద ఇంకా కలిసే ఉంటుంది. వాటిని మిగతా బట్టల్లో వేయకుండా విడిగా నానబెట్టండి. మా అమ్మ బాపు బట్టలకు ఒక బకెట్టు వేరేగానే పెట్టేది, నేనూ ఒకటి కొన్నాను.